ముందు వినపడనివ్వండి: చిన్న పట్టణాల సంగీతోత్సవ కమిటీలకూ, పురపాలక అధికారులకూ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మన చిన్న పట్టణాల్లో ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. శ్రీరామనవమి పందిళ్ళలో కచేరీలు, హరికథలు నడుస్తున్నాయి. ఈమధ్య వాటితోపాటు బజారు గోడల మీద బొమ్మలు కూడా వేయిస్తున్నారు. చందాలిచ్చే వాళ్ళున్నారు, రాత్రింబవళ్ళు పనిచేసే కుర్రాళ్ళున్నారు, వినే జనం ఉన్నారు. అయినా చాలాచోట్ల చివరి వరసలో కూర్చున్న మనిషికి సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాదు. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ మీది బొమ్మ పెచ్చులూడిపోతుంది. దీనికి కారణం డబ్బు చాలకపోవడమని మేము అనుకోవడం లేదు. స్వాగత తోరణం, ఫ్లెక్సీలు, వేదిక అలంకరణ, శాలువలు అన్నీ తేలాక మిగిలినది మైక్‌సెట్‌కూ గోడకూ దక్కుతోంది. ఈ వరస మార్చమని అడగడానికే రాస్తున్నాం. ధ్వని, వాద్యం, గోడ చిత్రం మా వృత్తులు. ఏం చేస్తే బాగుపడుతుందో కొలతలతో సహా చెబుతాం.

మొదట వేళ సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. పండుగలకు, సాంస్కృతిక సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో మొత్తం 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఆ రోజులు ప్రభుత్వం ప్రకటించాలి, కమిటీ అనుకుంటే సరిపోదు. కాబట్టి కార్యక్రమాన్ని 10 గంటల నుంచి వెనక్కి లెక్కకట్టండి. కచేరీకి రెండున్నర గంటలు కావాలంటే 7:15కి గాయకుడు శ్రుతి అందుకోవాలి, 9:45కి మంగళం పాడాలి. జ్యోతి ప్రజ్వలన, ఇద్దరు వక్తలు, ఒక్కొక్కరికి ఐదేసి నిమిషాలు, అన్నీ 6:45కి మొదలై 7:05కి ముగియాలి. ఆహ్వాన పత్రికలో వేసిన వేళకు మొదలుకాని కచేరీలో ముందుగా కోతపడేది తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం. మృదంగ విద్వాంసుడు ఎంత దూరం నుంచి వచ్చినా ఆయన చేతికి దక్కేది చివరి ఐదు నిమిషాలే.

సన్మానాన్ని కచేరీ నడిమధ్యలో పెట్టవద్దని ప్రత్యేకంగా వేడుకుంటున్నాం. ఆ పదిహేను నిమిషాల్లో గాయకుడి గొంతు చల్లబడుతుంది, మృదంగం శ్రుతి జారుతుంది, ముఖ్య అతిథి లేచి వెళ్ళేటప్పుడు ఆయన వెంట ముందు వరసలు రెండు ఖాళీ అవుతాయి. శాలువ కప్పాలంటే మొదలుకు ముందు కప్పండి, లేదా మంగళం తర్వాత.

స్థలం ఎంచేటప్పుడు ఆసుపత్రి, బడి, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుందని గుర్తుంచుకోండి. బడి మైదానంలో పందిరి వేసే ముందు ఈ సంగతి పోలీసు అధికారి దగ్గర కాగితం మీద తేల్చుకోవాలి. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. లౌడ్‌స్పీకర్ పెట్టిన బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర దానికి మరో 10 కలిపి, అంటే 65 దాటకూడదు. వ్యాపార ప్రాంతమైతే 75. ఇవి చాలా తక్కువ అంకెలని కమిటీలు అంటుంటాయి. నిజానికి కర్ణాటక కచేరీకి జనం మధ్యలో 75 నుంచి 80 ఉంటే పుష్కలం. అంతకు మించి పెంచాల్సి వస్తోందంటే బాక్సులు ఉండకూడని చోట ఉన్నాయన్నమాట.

ఆ లెక్క ఇది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. వేదికకు రెండు వైపులా నేల మీద పేర్చిన బాక్సులతోనే 32 మీటర్ల దూరంలోని చివరి వరసకు 75 అందించాలంటే, బాక్సుకు మీటరు దూరంలో 105 పుట్టించాలి. అప్పుడు 16 మీటర్ల దగ్గర 81, 8 మీటర్ల దగ్గర 87, 4 మీటర్ల దగ్గర 93 ఉంటుంది. ముందు వరసలో పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటారు. నిర్వాహకుడు వచ్చి తగ్గించమంటాడు, తగ్గిస్తే వెనకవాళ్ళకు వినపడదు. ఏ పందిరిలో చూసినా సాయంత్రమంతా ఇదే తగవు.

దీన్ని తీర్చే దారి బాక్సులను విడదీయడం. ముందు జత వేదిక దగ్గర, మైకులకు ఒకటి రెండు మీటర్లు ముందుకు, 9 లేక 10 అడుగుల ఎత్తు స్టాండు మీద, ముఖం కాస్త కిందికి వంచి పెట్టండి. ఎత్తు పెరిగితే ముందు వరసకూ మధ్య వరసకూ దూరంలో తేడా తగ్గుతుంది, మనుషుల తలలు అడ్డుపడవు. 16 మీటర్ల దగ్గర చిన్న బాక్సుల జత ఇంకొకటి పెట్టండి. ఇప్పుడు ముందు జత 16 మీటర్ల దాకా 75 అందిస్తే చాలు, నాలుగో మీటరులో కూర్చున్న శ్రోతకు 93 బదులు 87 తగులుతుంది. అయితే తీగలో సంకేతం తక్షణం చేరుతుంది, గాలిలో పాట నెమ్మదిగా వస్తుంది. మీటరుకు సుమారు 2.9 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి వెనక జతకు 46 మిల్లీసెకన్ల డిలే, అంటే ఆలస్యం, ఇవ్వాలి. దానికి మరో పది కలిపితే పాట వేదిక మీంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. ఈ డిలే పెట్టకపోతే వెనక వరసల్లో ప్రతి అక్షరం రెండుసార్లు వినబడి సాహిత్యం కలగాపులగం అవుతుంది. చాలా డిజిటల్ మిక్సర్లలో ఈ సదుపాయం ఉంటుంది. మైక్‌సెట్ మాట్లాడేటప్పుడు ‘ఎన్ని బాక్సులు’ అని అడిగే ముందు ‘డిలే ఉందా’ అని అడగండి.

మిక్సర్‌లో ఎకో మీట పూర్తిగా కిందికి దించి ఉంచమనండి. సినిమా పాటకు అది నప్పుతుందేమో గానీ, కీర్తనలో సంగతినీ (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే స్వర విన్యాసాన్నీ) హరికథలో మాటనూ మింగేస్తుంది.

మైకులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదన్న నమ్మకం కూడా తప్పే. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత పెట్టకుండా పెంచగలిగే హద్దు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక్క మైకు ఉన్నప్పటి కంటే ఎనిమిది ఉన్నప్పుడు 9 తగ్గుతుందన్నమాట. గాయకుడికి ఒకటి, పెదవులకు నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంలో. వయొలిన్‌కు పై నుంచి అడుగు దూరంలో. మృదంగం కుడి మూతకు ఆరేడు అంగుళాల దూరంలో ఒకటి, ఎడమ వైపు ఇంకొకటి. వీణ చిన్న గొంతు వాద్యం, దానికి అడుగు దూరంలో సున్నితమైన కండెన్సర్ మైకు కావాలి. వాద్యానికి అంటించే పికప్ ఒక్కటే వాడితే బొబ్బిలి వీణ పనసకర్ర నాదం పోయి తీగ మోత మిగులుతుంది. నాదస్వరం, డోలు జోడీకి 300 మంది లోపు సభలో మైకే అక్కర్లేదు. కావాలనుకుంటే నాలుగైదు అడుగుల దూరంలో ఒక్కటి పెట్టండి. ముందు ఎవరూ పాడని, వాయించని మైకు ప్రతిదాన్నీ మూసి ఉంచడానికి మిక్సర్ దగ్గర ఒక మనిషి కచేరీ ముగిసేదాకా కూర్చోవాలి. మీటలు సరిచేసి టీ తాగడానికి వెళ్ళిపోయే ఆపరేటరు వద్దు. ఆ మిక్సర్ కూడా వేదిక పక్కన తెర వెనక ఉండకూడదు, జనం మధ్యలో ఉండాలి. శ్రోత వినేది వినకుండా ఎవరూ సరిచేయలేరు.

వేదిక మీద కళాకారులకు తమ పాట తమకు వినిపించే మానిటర్ బాక్సు తప్పనిసరి. తంబుర శ్రుతి అందులో స్పష్టంగా వినపడాలి, బయటి బాక్సుల్లోకి మాత్రం పలచగా వదలాలి. సౌండ్ చెక్‌కు 45 నిమిషాలు కేటాయించి సాయంత్రం ఆరుకల్లా ముగించండి. జనం వచ్చి కూర్చున్నాక ‘హలో, మైక్ టెస్టింగ్’ అంటూ చేసేది సౌండ్ చెక్ కాదు.

ఇక కరెంటు. గుయ్‌మనే మోత వస్తే సౌండ్‌వాళ్ళను తిడతారు, కానీ చాలాసార్లు తప్పు వైరింగ్‌ది. మిక్సర్, ఆంప్లిఫయర్లు, శ్రుతి పెట్టె అన్నీ ఒకే ఫేజు మీద, ఒకే ఎర్త్ మీద నడవాలి. లైట్లు, ఫ్యాన్లు వేరే ఫేజు మీద. మిక్సర్ ఒక చోట, ఆంప్లిఫయర్ ఇంకో చోట వేర్వేరు ఎర్తులకు కలిస్తే ఆ రెంటి మధ్య తేడాయే మోతై వినిపిస్తుంది. దాన్ని పోగొట్టడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణాంతకం. లోపల ఏదైనా తీగ బాడీకి తగిలితే, మైకు పట్టుకున్న గాయకుడే కరెంటుకు దారి అవుతాడు. ఎర్త్ పిన్ను లేని ప్లగ్గు ఒక్కటి కనిపించినా కార్యక్రమం ఆపే అధికారం ఒకరికి ముందే అప్పగించండి. ప్రధాన బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, పెట్టించండి. జనరేటరును వాడకం దాని సామర్థ్యంలో 70 శాతం దాటకుండా ఎంచి, వేదికకు 25 మీటర్లకు తగ్గకుండా గాలి వాలు వైపు ఉంచండి. నీళ్ళ డ్రమ్ముల దారీ కేబుళ్ళ దారీ ఎక్కడా కలవకూడదు.

వాద్యాలకు ఋతువులతో పేచీ ఉంటుంది. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి, అంటే జనవరి, ఫిబ్రవరి నెలల మంచు వేళ. ఆరుబయట వేదికకు పైకప్పు లేకపోతే రాత్రి ఎనిమిదికల్లా మృదంగం మూతలు చెమ్మకు సడలిపోతాయి. నవమి నాటికి సమస్య వేడిమిది. వీణ మెట్లు మైనంలో నిలబడతాయి. ఆరడుగుల దూరం నుంచి హాలొజన్ దీపం కొడితే మైనం మెత్తబడి మెట్టు కదులుతుంది, ఆ పూటకు వీణ పనికిరాదు. ఎల్‌ఈడీ దీపాలే వాడండి, అవి కూడా పక్కవాటుగా. ఫ్యాను గాలి నేరుగా మృదంగం మీద, గాయకుడి గొంతు మీద పడకూడదు.

పంచరత్న గోష్ఠి, అంటే త్యాగరాజ పంచరత్న కృతులను అందరూ కలిసి పాడడం గురించి వేరుగా చెప్పాలి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల ఐదు కృతులూ కలిసి పాడడానికి గంట పైగానే పడుతుంది. ఎనభై మంది పన్నెండు మీటర్ల పొడుగునా వరసలు తీరి కూర్చుంటే ఒక కొస పాట రెండో కొసకు 35 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 80 క్రియలు (తాళం దెబ్బలు) పడే కాలప్రమాణంలో, క్రియకు నాలుగు స్వరాల చొప్పున ఒక్కో స్వరానికి దక్కేది సుమారు 190 మిల్లీసెకన్లు. అందులో ఐదో వంతు వెనకబడ్డ చెవి ఇంకా వెనక్కి లాగుతుంది, చరణం చివరికి రెండు గోష్ఠులు పాడుతున్నట్టు ఉంటుంది. అందుకే పొడుగు వరసలు మాని అర్ధచంద్రాకారంగా, మృదంగం నడుమ ఉండేలా కూర్చోబెట్టండి. మైకులు నడిపించే నలుగురైదుగురికే ఇవ్వండి. మానిటర్లు రెండు కొసల్లోనూ పెట్టి, మృదంగం వాటిలో గట్టిగా వినిపించండి. శ్రుతి ఎంతో పదిహేను రోజుల ముందే అందరికీ తెలపండి. మగవారికి సాధారణంగా ఒకటో శ్రుతి దగ్గర, ఆడవారికి అంతకంటే హెచ్చైన ఐదో శ్రుతి దగ్గర కుదురుతుంది కాబట్టి ఇద్దరూ పాడగలిగే శ్రుతి రిహార్సల్లోనే తేలాలి, ఆ ఉదయం వేదిక మీద కాదు. నడిపించే మైకుల్లో సగం ఆడవారివి కావాలి. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మీద గుడి కట్టించినది బెంగళూరు నాగరత్నమ్మ. స్త్రీలు అక్కడ పాడే హక్కు కోసం పట్టుబట్టినదీ ఆవిడే. మన ఊళ్ళలో ఆడవాళ్ళు వెనక వరసల్లో మైకు లేకుండా పాడడం ఆవిడ పేరు తలుచుకునే సభకు తగదు.

జానపద కళాకారులను ‘వెరైటీ’ కోసం పావుగంట పిలిచే అలవాటు మానండి. డప్పుకు చర్మం బిగియాలంటే మంట దగ్గర కాచాలి. దానికి పందిరి గుడ్డకు దూరంగా ఇసుక పోసిన చోటు, పక్కన రెండు బకెట్ల నీళ్ళు ఏర్పాటు చేయాలి. అది చూపించకపోతే వాళ్ళు వేదిక వెనకే కాగితాలు వెలిగించుకుంటారు, ఆ తప్పు కమిటీదే. హరికథకుడు పాడుతూ, ఆడుతూ, చిడతలు వాయిస్తూ వేదికంతా తిరుగుతాడు, స్టాండు మైకు ముందు నిలబెడితే కథ సగం చచ్చిపోతుంది. చెవికి తగిలించే మైకు ఇవ్వండి, కొత్త బ్యాటరీలతో. బుర్రకథలో కథకుడికి అదే పద్ధతి, వంతలిద్దరికీ చెరొక స్టాండు. తోలుబొమ్మలాటకు కావాల్సినది చీకటి. దగ్గర్లోని వీధి దీపాలు ఆ పూట ఆర్పించడం పురపాలక సిబ్బందికి చిన్న పని, బొమ్మల రంగులు తెర మీద వెలగడానికి అదే ఆధారం.

వేదిక వెనక ఫ్లెక్సీ గురించి ఒక హెచ్చరిక. 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ మీద గంటకు 54 కిలోమీటర్ల ఈదురుగాలి కొడితే పడే బలం 300 కిలోల బరువుకు పైమాటే. వేసవి సాయంత్రాల్లో అలాంటి గాలి ఏ క్షణమైనా లేస్తుంది. నాలుగు సరివి కర్రలకు తాడుతో కట్టిన చట్రం దానికి ఆగదు, పడితే వాద్యకారుల మీదే పడుతుంది. గాలి దూరే నెట్ గుడ్డ మీద స్థానిక చిత్రకారులతో బొమ్మ వేయించండి. మడిచి దాచుకుంటే మరుసటి ఏడాదికీ వస్తుంది.

గోడ బొమ్మల విషయంలో అధికారులకు చెప్పవలసింది ఎక్కువ. పని పాడయ్యేది రంగు వేశాక కాదు, వేయకముందే. కొత్త సిమెంటు పూత కనీసం 28 రోజులు ఆరాలి. లోపలి క్షారం చావకముందే రంగు వేస్తే ఎరుపు, పసుపు రంగులు మచ్చలుగా మాడిపోతాయి. పాత గోడైతే రెండడుగుల చదరపు పాలిథిన్ షీటును నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. లోపల నీటి బొట్లు కనిపిస్తే గోడలో నెమ్ము ఉన్నట్టే, ఆ గోడను వదిలేయండి లేదా నీళ్ళు ఎక్కడ నుంచి వస్తున్నాయో ముందు ఆపండి. సున్నం కొట్టిన గోడను నల్ల గుడ్డతో రుద్దండి. పొడి అంటితే ఆ సున్నమంతా గోకి తీయాల్సిందే, లేకపోతే ఎమల్షన్ సున్నాన్ని పట్టుకుంటుంది గానీ గోడను పట్టుకోదు, పొరలు పొరలుగా ఊడుతుంది. తెల్లగా ఉప్పు పూసిన చోట నీళ్ళతో కడగకూడదు, ఉప్పు మళ్ళీ లోపలికి పోతుంది. పొడిగా బ్రష్షుతో తీయాలి.

ఆ తర్వాత బయటి గోడల ప్రైమరు ఒక పూత, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలు. రెండు పూతలకు లీటరు సుమారు 50 చదరపు అడుగులకు వస్తుంది కాబట్టి 10 అడుగుల ఎత్తు, 20 అడుగుల పొడవు గోడకు అడుగు రంగే 4 లీటర్లు కావాలి. డిస్టెంపరు చవక, కానీ వాన గోడకు పనికిరాదు. ఎమల్షన్‌లో కలిపే స్టెయినరు (చిక్కటి రంగు) డబ్బా మీద రాసిన మోతాదు మించితే పొర బలహీనపడుతుంది. ముదురు రంగు కావాలంటే ఆ రంగు ఎమల్షనే కొనండి. ఎండ కొట్టే పడమటి గోడ మీద ఐరన్ ఆక్సైడు ఎరుపు, కావి, పచ్చ మట్టి రంగులు నిలుస్తాయి, గులాబీ, ఊదా రంగులు ముందు వెలుస్తాయి. కింద రెండడుగుల మేర రోడ్డు బురద చిమ్ముతుంది, అక్కడ బొమ్మ వేయకుండా ముదురు పట్టీ వదిలితే ఏటా అదొక్కటే మళ్ళీ పూయవచ్చు.

ఊరి జనం చేయి పడాలన్న కోరిక మంచిది, దానికొక పద్ధతి ఉండాలి. చిత్రకారుడు కాగితం మీద అంగుళానికి ఒక అడుగు చొప్పున గళ్ళు గీసి, అవే గళ్ళు సుద్ద దారంతో గోడ మీద కొట్టి, గీతలు తానే వేయాలి. గీతల మధ్య నింపే పని పిల్లలకూ పెద్దలకూ ఇవ్వండి, 200 చదరపు అడుగులకు ఒకేసారి ఎనిమిది మందికి మించకుండా, రెండు గంటల వంతులతో. ఆరడుగులకు పైన పరంజా ఎక్కేది అనుభవం ఉన్నవాళ్ళే. ఎండ నేరుగా పడుతున్న గోడకు రంగు వేయకూడదు. రోలరు కింద పూత ఆరిపోయి అతుకులు కనబడతాయి.

బొమ్మ పూర్తయ్యాక దాని గతి ఏమిటన్నది కూడా ముందే రాసుకోవాలి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని అమర్‌నాథ్ సెహగల్ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి పాడుచేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాలు శిల్పికి తిరిగి ఇవ్వాలని, ఐదు లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. కాపీరైటు చట్టం 57వ సెక్షను కళాకారుడికిచ్చే రక్షణ అది. డబ్బులిచ్చాం కాబట్టి గోడ మా ఇష్టం అనుకోవడానికి వీల్లేదని పురపాలక సంఘాలు గ్రహించాలి. గోడ యజమాని, చిత్రకారుడు, పురపాలక సంఘం ముగ్గురూ సంతకం చేసిన ఒక్క పేజీ ఒప్పందం చాలు: బొమ్మ ఎన్నేళ్ళు ఉంచుతారు, మరమ్మతు ఎవరిది, పోస్టర్లు అంటిస్తే తొలగించేది ఎవరు, గోడ కూల్చాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చిత్రకారుడికి కబురు చేస్తారు. బొమ్మ మూలన చిత్రకారుడి పేరుండాలి. దాత పేరు దానికంటే పెద్ద అక్షరాల్లో ఉండకూడదు.

ఖర్చు వరస మా లెక్కలో ఇలా ఉండాలి. వచ్చిన మొత్తంలో సగం కళాకారులకు, పక్కవాద్యాల వారితో సహా, ఆ రాత్రే చేతికి. పావు వంతు ధ్వనికీ కరెంటుకూ. మిగిలిన పావులో కుర్చీలు, పందిరి, మరుగుదొడ్లు, నీళ్ళు. ఆఖరున ఏమైనా మిగిలితే తోరణం.

రాబోయే ఉత్సవానికి తొలి సమావేశం పెట్టినప్పుడు సౌండ్ ఆపరేటరునూ, ఒక వాద్యకారుడినీ, గోడ చిత్రకారుడినీ పిలిచి కమిటీలో కూర్చోబెట్టండి. ఆహ్వాన పత్రిక అచ్చుకు వెళ్ళే ముందు వేళలు వాళ్ళకు చూపించండి. పురపాలక ఇంజినీరు ఉత్సవానికి ముందు రోజు పగటి పూటే వచ్చి ఎర్త్, చట్రాలు, బయటికి వెళ్ళే దారులు తనిఖీ చేసి, పాస్ అయిందో లేదో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.

ఇట్లు,
ధ్వని, వాద్య, చిత్రకళా వృత్తుల్లో ఉన్న కొందరం